పోలిక నుంచి మూలానికి: పాతపాడు కుండలు, ఎట్రుస్కన్ కుండలు – ఒక విమర్శ

పురావస్తు గ్రంథాలు చదివేటప్పుడు మీకు ‘ప్రభావం’ అనే మాట అడుగడుగునా ఎదురవుతుంది. ఒకచోటి కుండ మీద మరొకచోటి కుండను పోలిన గీతో, ఆకారమో కనిపించగానే, దీనిపై దాని ప్రభావం ఉందని రాసేస్తారు. పరీక్షలో రాయడానికి ఆ మాట సులువుగానే ఉంటుంది. కాని అది దేనిని రుజువు చేస్తుందో, దేనిని చేయదో తెలియకుండా వాడితే ఒక ప్రాంతపు చరిత్రే తారుమారవుతుంది. ఈ పాఠ్యభాగంలో రెండు ఉదాహరణలను పక్కపక్కన పెట్టి ఆ మాటను పరీక్షిద్దాం. మొదటిది నంద్యాల జిల్లాలోని పాతపాడు చిత్రిత కుండలు. రెండవది ప్రాచీన ఇటలీలో ఎట్రుస్కన్లు కొరింథ్ నగర శైలిలో చేసిన చిత్రిత కుండలు.

1. పాతపాడు కుండలు

పాతపాడు బనగానపల్లె దగ్గరి పల్లె. పురావస్తు శాస్త్రంలో ఒక కుండల రకానికి ఈ ఊరి పేరే స్థిరపడింది. నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడింది కాబట్టి పాత గ్రంథాలలో మీకు కర్నూలు జిల్లా అనే కనిపిస్తుంది. ఈ తేడాను గుర్తుంచుకొని చదవండి.

దక్షిణ భారత నవీన శిలాయుగం అనగానే మనకు గుర్తుకు వచ్చేవి నూరిన రాతి గొడ్డళ్ళు, పశువుల మందలు, బూడిద దిబ్బలు, చేతితో చేసి నునుపు దిద్దిన బూడిద రంగు కుండలు. ఆ కుండలలో చాలావాటి మీద అలంకరణ తక్కువ. పాతపాడు కుండలు ఇందుకు భిన్నం. వీటి మీద రంగుతో వేసిన గీతల అలంకరణ ఉంటుంది. సింగనపల్లి, రామాపురం వంటి స్థలాలలో కూడా చిత్రిత కుండలు దొరకడంతో ఇది ఒక్క ఊరి వింత కాదని, ఈ ప్రాంతంలో నిలదొక్కుకున్న సంప్రదాయమని తేలింది. వీటిని ప్రత్యేకంగా పరిశీలించిన వారిలో ఎఫ్.ఆర్. ఆల్చిన్ ముఖ్యులు.

ఈ రకంలో పండితుల దృష్టిని ఎక్కువగా ఆకర్షించింది ఒక గిన్నె. దాని అంచు నుంచి పొడవైన మూతి బయటికి సాగి ఉంటుంది. మన కొమ్ముచెంబుకు ఉన్నట్లు అది మూసిన గొట్టం కాదు. పైభాగం తెరిచి, కాలువలాగా ఉంటుంది.

2. వాదం ఎలా పుట్టింది?

మధ్యప్రదేశ్‌లో నర్మదా తీరాన నవ్‌దాటోలి అనే స్థలం ఉంది. అక్కడ హెచ్.డి. సంకాలియా నాయకత్వంలో 1950లలో జరిగిన తవ్వకాలలో తామ్రశిలాయుగపు చిత్రిత కుండలు విస్తారంగా బయటపడ్డాయి. కాలువ మూతి గిన్నెలు వాటిలోనూ ఉన్నాయి. సంకాలియా వీటిని ఇరాన్‌లోని సియాల్క్ వంటి స్థలాల పాత్రలతో పోల్చి, పశ్చిమాసియాతో సంబంధం ఉందని వాదించారు. పాతపాడు గిన్నె నవ్‌దాటోలి గిన్నెను పోలి ఉంది. నవ్‌దాటోలి గిన్నె ఇరాన్ పాత్రను పోలి ఉంది. ఈ రెండు వాక్యాలను కలిపితే పాతపాడు గిన్నె మూలం ఇరాన్‌లో ఉందన్న మూడవ వాక్యం దానంతటదే వచ్చినట్లు అనిపిస్తుంది.

కాని ‘పోలి ఉంది’ అన్నది కంటికి కనిపించే సంగతి. ‘మూలం’ అన్నది చరిత్రలో జరిగిన సంగతి. మొదటిదాని నుంచి రెండవదానికి వెళ్ళడానికి ఏయే ఆధారాలు కావాలి? ఇది తెలియాలంటే ఆధారాలు నిండుగా ఉన్న ఉదాహరణను ఒకసారి చూడాలి. అందుకే ఇప్పుడు ఇటలీకి వెళ్తున్నాం.

3. కొరింథ్ శైలి, ఎట్రుస్కన్ చేయి

గ్రీసులోని కొరింథ్ క్రీ.పూ. 7వ శతాబ్దంలో చిత్రిత కుండలకు పేరుమోసిన వర్తక నగరం. లేత రంగు మన్నుతో చేసిన కుండ మీద నల్లని బొమ్మ వేసి, ఆ నలుపులో సన్నని మొనతో గీతలు గీకి, కండరాలను, ఈకలను చూపడం అక్కడి పనితనం. పైన అక్కడక్కడ ఎరుపు, ఊదా రంగులు అద్దేవారు. సింహాలు, చిరుతలు, మేకలు, స్త్రీ ముఖం గల రెక్కల సింహాలు వరుసలుగా కుండ చుట్టూ నడుస్తాయి. సింహం ముఖం పక్కకు తిరిగి ఉంటుంది. చిరుత ముఖం మాత్రం నేరుగా మనవైపే చూస్తుంది. బొమ్మల మధ్య ఖాళీలను పూల గుర్తులతో నింపుతారు.

మధ్య ఇటలీలోని ఎట్రుస్కన్ నగరాలు ఈ కుండలను దిగుమతి చేసుకున్నాయి. సుమారు క్రీ.పూ. 630 నుంచి 540 వరకు వుల్చి, సెర్వెతెరి, తార్క్వీనియా వంటి చోట్ల స్థానిక కార్ఖానాలు ఇదే శైలిలో కుండలు చేశాయి. పండితులు వీటిని ఎట్రుస్కో-కొరింథియన్ కుండలు అంటారు. చాలాకాలం వీటిని నాసిరకం నకళ్ళుగానే చూశారు. హంగేరీ పండితుడు యానోష్ జ్యోర్జ్ సిలాజీ 1992, 1998 సంవత్సరాలలో వెలువరించిన రెండు సంపుటాలలో ఈ కుండలను చిత్రకారుల వారీగా, కార్ఖానాల వారీగా వర్గీకరించారు. పేరు తెలియని ఆ చిత్రకారులను ఇప్పుడు ‘గడ్డపు స్ఫింక్స్ చిత్రకారుడు’ వంటి గుర్తింపు పేర్లతో పిలుస్తున్నారు. ఈ కుండలు దక్షిణ ఫ్రాన్స్ తీరానికి, కార్తేజ్‌కు ఎగుమతి కూడా అయ్యాయి. వట్టి నకలే అయితే దానికి అంత దూరాన గిరాకీ ఎందుకు ఉంటుందో ఆలోచించండి.

ఈ శైలి ఇటలీకి చేరిన తీరు గురించి ఒక కథ కూడా ఉంది. కొరింథ్ నుంచి తార్క్వీనియాకు వలస వచ్చిన డెమరాటస్ అనే సంపన్నుని వెంట ముగ్గురు మట్టి పనివారు వచ్చారని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. వారిలో ఒకని పేరుకు ‘మంచి చేయి గలవాడు’ అని, ఇంకొకని పేరుకు ‘చక్కగా గీసేవాడు’ అని అర్థం. పనిని బట్టి పేర్లు అల్లినట్లు ఉన్న ఈ కథను అక్షరాలా నమ్మలేం. పనివారి వలస జరిగిందన్న జ్ఞాపకం అందులో ఉండవచ్చు. విమర్శకులు కథను తోసివేయరు, నెత్తిన పెట్టుకోరు. కుండలు ఏమి చెబుతున్నాయో చూస్తారు.

4. నాలుగు పరీక్షలు

ఎట్రుస్కన్ కుండల విషయంలో ‘కొరింథ్ ప్రభావం’ అన్న మాట ఎందుకు నిలుస్తుంది? నాలుగు కారణాలు చెప్పుకోవచ్చు.

ఒకటి, పోలిక చిక్కదనం. ఒక్క ఆకారమే కాదు. జంతువుల వరుస, చిరుత ముఖం తిప్పిన తీరు, గీకుడు పని, రంగులు, నింపుడు పూలు అన్నీ కలిసి వచ్చాయి. ఇన్ని అంశాలు యాదృచ్ఛికంగా కలవవు. రెండు, దిగుమతి సాక్ష్యం. అసలు కొరింథ్ కుండలే ఎట్రుస్కన్ సమాధులలో దొరికాయి. స్థానిక పనివారి కళ్ళ ముందు నమూనాలు ఉన్నాయి. మూడు, కాలక్రమం. కొరింథ్ శైలి ముందు, ఎట్రుస్కన్ శైలి తరువాత. నాలుగు, మన్ను. కుండ ఎక్కడ చేశారో మన్ను చెబుతుంది కనుక కొరింథ్‌లో చేసినదానినీ, ఇటలీలో చేసినదానినీ వేరుచేయవచ్చు.

ఇప్పుడు ఇవే పరీక్షలను పాతపాడు–ఇరాన్ వాదానికి పెట్టండి.

పోలిక పలచన. ముఖ్యంగా కాలువ మూతి ఒక్కటే దానికి ఆధారం. గీతల అలంకరణ ఎక్కడైనా పుట్టగల సరళమైన అలంకరణ. పైగా ఉట్నూరు వంటి బూడిద దిబ్బల స్థలాలలో కాల్చిన తరువాత కావిరంగు పట్టీలు పూసిన బూడిద రంగు కుండలు దొరికాయి. కుండకు రంగు వేయడం ఈ నేలకు తెలియని పనేమీ కాదు.

దిగుమతి సాక్ష్యం లేదు. ఇరాన్‌లో తయారై పాతపాడు చేరిన పాత్రను ఈ వాదం మనకు చూపదు.

కాలక్రమం కూడా సరిపడదు. తరచు పోలికగా చూపే సియాల్క్ శ్మశానవాటికలోని పొడవు మూతి పాత్రలు క్రీ.పూ. మొదటి సహస్రాబ్ది తొలి శతాబ్దాలవి. నవ్‌దాటోలి, పాతపాడు కుండలు క్రీ.పూ. రెండవ సహస్రాబ్దికి చెందినవి. తరువాతిది ముందుదానికి మూలం కాలేదు. అంతకంటే పాత ఇరాన్ పాత్రలను చూపవచ్చు; అప్పుడు నడుమ ఉన్న వేల కిలోమీటర్లను, శతాబ్దాలను దాటించే వంతెన ఏదో కూడా చూపాలి.

ఇక ఆకారం సంగతి. మన ఇళ్ళలో పసిపిల్లలకు పాలు, ఉగ్గు పట్టే ఉగ్గుగిన్నెను గుర్తుచేసుకోండి. చిన్న గిన్నె, దాని అంచు నుంచి ముందుకు సాగిన తెరిచిన మూతి. ద్రవాన్ని ఒలకకుండా, సన్నని ధారగా పోయాలంటే చేయి కనిపెట్టే ఆకారం అది. పాతపాడు గిన్నె ఉగ్గుగిన్నె అని నేను అనడం లేదు. ఒకే అవసరం రెండు చోట్ల ఒకే ఆకారాన్ని పుట్టించగలదని మాత్రమే అంటున్నాను. ఈ అవకాశాన్ని తోసివేయనిదే మూలం ఇరాన్ అనడానికి వీలులేదు.

5. ఆళ్లగడ్డ చెప్పే పాఠం

శైలికీ స్థలానికీ ఉన్న సంబంధం ఎంత వదులైనదో తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. నంద్యాల జిల్లాలోనే ఉన్న ఆళ్లగడ్డ రాతి విగ్రహాలకు పేరుపొందిన ఊరు. అక్కడి శిల్పికి ఒక ఆలయ కమిటీ చోళ శైలిలో విగ్రహం కావాలని పని ఇచ్చిందనుకుందాం. రాయి ఒకచోటిది, చేయి ఆళ్లగడ్డది, శైలి కావేరీ తీరానిది, పూజ జరిగేది ఇంకొక రాష్ట్రంలో. వెయ్యేళ్ళ తరువాత ఆ విగ్రహం దొరికితే, శైలిని మాత్రమే చూసే పండితుడు దానిని తమిళ శిల్పి పని అంటాడు. ఆళ్లగడ్డ పేరు చరిత్రలోంచి తుడిచిపెట్టుకుపోతుంది.

అందుచేత ఏ వస్తువు ముందు నిలబడినా నాలుగు ప్రశ్నలను విడివిడిగా అడగండి. ముడిసరుకు ఎక్కడిది? చేసినవారు ఎవరు? శైలి ఎవరిది? వాడినవారు ఎవరు? ‘ప్రభావం’ అన్న మాట ఈ నాలుగింటినీ ఒక్క మూటగా కట్టి, మూడవ ప్రశ్నకు వచ్చిన జవాబునే మిగిలిన మూడింటికీ అంటగడుతుంది. అదే దానిలోని దోషం.

6. విమర్శ తేల్చేదేమిటి?

సంకాలియా పోలికను గమనించడం తప్పు కాదు. పోలిక పరిశోధనకు తలుపు తీస్తుంది. పాతపాడు–నవ్‌దాటోలి సంబంధం గట్టిగా పరిశీలించదగినదే. రెండూ ఒకే సహస్రాబ్దికి చెందినవి, రెండూ చిత్రిత కుండల సంప్రదాయాలు, నడుమ దక్కన్ పీఠభూమి ఉంది. ఇరాన్ మూలం మాత్రం రుజువు కాని ఊహ. దానిని నిర్ధారణగా రాయకూడదు.

ఇక్కడ రెండు మొగ్గుల గురించి హెచ్చరించాలి. మన నేలలో అందమైన కుండ దొరికితే అది బయటినుంచే వచ్చి ఉండాలనుకోవడం ఒక మొగ్గు. బూడిద రంగు కుండ మనది, రంగుల కుండ పరాయిది అనే ఆ విభజన వెనుక, పశువులు కాచుకునేవారికి ఇంత పనితనం ఎక్కడిదన్న చిన్నచూపు దాగి ఉంది. బయటినుంచి ఏదీ రాలేదు, అంతా మన దగ్గరే పుట్టిందనడం రెండవ మొగ్గు. అది కూడా ఆధారం లేని మాటే. కొరింథ్ కుండల సింహాలు, స్ఫింక్స్‌లు కూడా పశ్చిమాసియా కళ నుంచి గ్రీసు చేరినవే. ఎట్రుస్కన్లు ఎవరిని చూసి నేర్చుకున్నారో, వారు కూడా ఇంకొకరిని చూసి నేర్చుకున్నవారే. ఎరువు తెచ్చుకోవడం లోటు కాదు. తెచ్చుకున్నారో లేదో, తెచ్చుకుంటే దానితో ఏమి చేశారో తేల్చడమే చరిత్ర విద్యార్థి పని.

కాబట్టి మీ జవాబులలో ‘ఇరాన్ ప్రభావం వల్ల’ అని రాసే ముందు ఆగండి. ‘ఆకారంలో పోలిక ఉంది; దిగుమతి సాక్ష్యం లేదు; కాలక్రమం సరిపడదు’ అని విడమరచి రాయండి. వాక్యం పొడవు పెరుగుతుంది, నిజమే. కాని దానిలోని ప్రతి మాటకూ మీరు పూచీ పడగలరు.

ఆలోచించి రాయండి

మీ ఇంట్లోనో, మీ ఊరి సంతలోనో ఉన్న ఒక పాత్రను ఎంచుకోండి. దాని లోహం లేదా మన్ను, చేసినవారు, ఆకారం, వాడుక అనే నాలుగు అంశాలను వేరువేరుగా పది పంక్తులలో వివరించండి. ఏ అంశానికి మీ దగ్గర ఆధారం ఉందో, ఏది ఊహ మాత్రమో పక్కన గుర్తుపెట్టండి.