మెట్లు లేని బాస్: జాకో పస్టోరియస్

జాకో పస్టోరియస్ (1951–1987) అనగానే చాలామంది అతని వేగాన్నే తలచుకుంటారు. 1976 నాటి తొలి ఆల్బమ్‌ను బీబాప్ రచన 'డోనా లీ'తో, కాంగా మాత్రమే తోడుగా, బాస్ గిటార్ మీద ప్రారంభించినవాడికి ఆ కీర్తి సహజమే. కాని అతని అసలు సాధన స్వరస్థానం మీది అధికారం. మెట్లు తీసేసిన 1962 ఫెండర్ జాజ్ బాస్ అతని వాద్యం. పలకకు పడవలకు వాడే ఎపాక్సీ పూత. మెట్టు లేనిచోట శ్రుతి బాధ్యత పూర్తిగా వేలిదే. గోటువాద్యం, వయొలిన్ విన్న మన చెవికిది కొత్త కాదు. అయితే మన గమకంలా అతడు స్వరాన్ని ఊపడు. చేరవలసిన చోటికి జారి, సన్నగా కంపింపజేస్తాడు. 'పోర్ట్రెయిట్ ఆఫ్ ట్రేసీ' ప్రధానంగా తీగను నొక్కకుండా తాకి పుట్టించిన అనుస్వరాల మీద నడుస్తుంది.

ఫ్యూజన్ అభిమానులు వెదర్ రిపోర్ట్ బృందపు 'టీన్ టౌన్' (1977)ను ముందుంచుతారు. అందులో డ్రమ్స్ కూడా అతడివే! నా ఎంపిక మాత్రం జోనీ మిచెల్ 'హెజీరా' (1976). అక్కడ బాస్ పాటను అడుగునుండి మోయదు; గాయనికి బదులిస్తుంది, కొన్నిచోట్ల ఊరుకుంటుంది. ఫోర్ట్ లాడర్‌డేల్ దగ్గర ఒక క్లబ్బు బయట దెబ్బలు తిని 35వ ఏట మరణించిన విషాదగాథ ఈ సంయమనాన్ని వినబడనీయకుండా చేసింది. అతని వేగాన్ని అనుకరించినవారు ఎందరో. ఈ ఊరుకోవడాన్ని అందుకున్నవారు నాకు అంతగా తారసపడలేదు.