వంతెన కింద కలిసిన చేతులు

2022 మార్చి 25న విడుదలైన ‘ఆర్‌ఆర్‌ఆర్’ సినిమా, మే నెలలో హిందీ రూపంలో నెట్‌ఫ్లిక్స్‌కి వచ్చాక, విదేశాల్లో చాలామంది అందులోని హీరోలు రామ్, భీమ్‌ల స్నేహాన్ని ప్రేమకథగా చదువుకున్నారు. జూలైలో సౌండ్ డిజైనర్ రసూల్ పూకుట్టి దాన్ని గే ప్రేమకథ అన్నారు. కాదనుకోండి, అయినా అందులో తప్పేముందని ‘బాహుబలి’ నిర్మాత శోభు యార్లగడ్డ బదులిచ్చారు.

మరి ఇది క్వీర్‌బేటింగేనా? ఇద్దరు మగవాళ్ల మధ్య ప్రేమ ఉందన్నట్టు ఊరించి, క్వీర్ ప్రేక్షకుల్ని ఆఖరిదాకా కూర్చోబెట్టి, చివరికి అబ్బే అదేం లేదనడమే ఆ మాటకర్థం. బీబీసీ ‘షెర్లాక్’ సిరీస్ మీద అభిమానుల ఫిర్యాదు అదే.

దర్శకుడు రాజమౌళి పనితనం చూస్తే ఆ నింద నిలవదు. వంతెన ఘట్టమే చూడండి. పైన రైలు మండుతోంది, కింద నీళ్లలో మంటల మధ్య ఒక పిల్లవాడు. ఒకరి పేరు ఒకరికైనా తెలియని రామ్, భీమ్ సైగలతోనే మాట్లాడుకుంటారు. ఒకరు గుర్రం మీద, ఒకరు మోటార్‌సైకిల్ మీద, నడుమ ఒకే తాడు. పని ముగిశాక గాల్లో ఊగుతూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటే, సినిమా పేరు అప్పుడు పడుతుంది! ‘దోస్తీ’ పాటలో రామ్‌ని భుజాల మీద కూర్చోబెట్టుకుని భీమ్ గుంజీళ్లు తీస్తాడు. సరదాకేలే అనుకుంటాం. ఆ తర్వాత పోలీసైన రామ్ చేతిలోనే కొరడా, భీమ్ ఒంటి మీద నెత్తురు. చివరికి చెరసాలలో కాళ్లు చచ్చుబడిన రామ్‌ని భీమ్ మళ్లీ అవే భుజాల మీదికి ఎత్తుకుంటాడు. ఆశపెట్టినదంతా వడ్డీతో సహా తీర్చిన కథ ఇది.

ఇక మగవాళ్లు ఒకరినొకరు తాకడం సంగతి. కోలార్ బంగారు గనుల ఊరు రాబర్ట్‌సన్‌పేటవాళ్లకి దీని గురించి వేరే చెప్పక్కర్లేదు. 2001లో గనులు మూతబడ్డాక బెంగళూరు పనులకి రోజూ రైలెక్కే మగవాళ్లు, ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి నిద్రపోతే ఎవరూ తేరిపార చూడరు. తెలుగు, తమిళం, కన్నడం కలగలిసిన ఆ బజార్లో మెడ మీద చెయ్యేసి నడవడం స్నేహితుల నడకే. దాన్ని గాలం అనలేం. అలాగని ఆ భుజాల్లో ఎవరికీ ప్రేమ లేదని పూచీ పడలేం కదా. అందుకే తెరమీద ప్రేమను చూసిన ప్రేక్షకుణ్ణి నేను తప్పుపట్టను. ఆ ఘట్టాల్లో వేడి ఉంది మరి.

నాకు అనుమానం వచ్చేది ఆడపాత్రల దగ్గరే. రామ్ కోసం కాచుకున్న సీత ఎదురుచూపులకే పరిమితం. భీమ్ మనసుపడ్డ జెన్నీ ఎవరో మనకి సరిగా తెలియదు. ఇద్దరినీ హీరోలకి జోడీ చూపించడానికే పెట్టారేమో అనిపిస్తుంది. కానీ జెన్నీ కారు ముందు మేకులు పరిచి భీమ్‌కి దారి చేసేది రామే. ‘నాటు నాటు’ పాటలో ఆమె చూపు ఎటుందో గమనించి, కావాలనే కుప్పకూలి భీమ్‌ని గెలిపించేదీ రామే. ఆ రెండు చోట్లా నా కళ్లు జెన్నీ మీద నిలవలేదు, స్నేహితుడి కోసం ఓడిపోతున్నవాడి మొహం మీదే ఉండిపోయాయి.