అంపశయ్య మీది విద్యార్థి

ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని గురించి తెలుగులో వచ్చిన రాతలను రెండు కుప్పలుగా పోయవచ్చు. ఒకటి భవనాన్ని గురించినది, రెండవది ఊరేగింపును గురించినది. మొదటి కుప్పలో 1918లో నిజాం చేసిన స్థాపనా, బెల్జియం వాస్తుశిల్పి జాస్పరూ, 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ, దాని గులాబిరంగు రాతి కమానులూ వుంటాయి. రెండవ కుప్పలో 1938 నాటి వందేమాతరం సమ్మె, 1952 ముల్కీ ఆందోళన, 1969 ఉద్యమం, 1972 ఏప్రిల్ 14న హత్యకు గురైన జార్జిరెడ్డి, 2009 చివర లాఠీలకూ బాష్పవాయువుకూ ఎదురు నిలిచిన విద్యార్థులూ వుంటారు. అభ్యుదయ సాహిత్యాభిమానులమైన మనము సహజంగానే రెండవ కుప్పవైపు మొగ్గుతాము. అందులో తప్పేమీ లేదు.

కాని యీ రెండింటికీ మధ్య ఒక చిన్న గది వుంది. అది హాస్టలు గది. ఊరేగింపు బయలుదేరేది అక్కడినుంచే. చల్లారిన తర్వాత తిరిగి చేరేది కూడా అక్కడికే. ఆ గదిలో వుండే మనిషిని గురించి మన సాహిత్యం ఎంత చెప్పింది? ఈ ప్రశ్న వేసుకున్నప్పుడల్లా నాకు గుర్తుకు వచ్చే పుస్తకం ఒకటే. అది 1969లో వెలువడిన నవీన్ నవల ‘అంపశయ్య’.

కథ అని చెప్పుకోవడానికి అందులో పెద్దగా ఏమీ లేదు. పల్లెటూరి బీదకుటుంబంలోంచి ఉస్మానియాకు ఎం.ఏ. చదవడానికి వచ్చిన రవి అనే యువకుడు ఒక ఉదయం నిద్ర లేస్తాడు. రాత్రి వరకూ అతని మనసులో నడిచినదంతా నవల. ఒక్క రోజు, ఒక్క మనసు. దీనినే మనవాళ్లు చైతన్య స్రవంతి పద్ధతి అంటారు. నవీన్ కూడా వరంగల్లు జిల్లా పల్లెలోంచి ఈ క్యాంపసుకు వచ్చి చదువుకున్నవాడే. తరువాత అర్థశాస్త్రం బోధించాడు.

నేను ఈ నవలను మొదట చదివినప్పుడు నాకు నచ్చలేదు. ఆ సంగతి దాచుకోను. 1980లలో నేనొక విద్యార్థి సంఘంలో తిరుగుతూ వుండేవాణ్ణి. నా ఆక్షేపణలు మూడు. ఇది పడమటి దేశాలనుంచి అరువు తెచ్చుకొన్న శిల్పం. సమాజాన్ని వ్యక్తి మనసులో కరిగించి మాయం చేసే శిల్పం. ఇందులో మనిషి ఆలోచిస్తాడేగాని ఏమీ చేయడు. ఇవి నా ఒక్కడి ఆక్షేపణలు కావు. ఆనాడు నాబోటివాళ్లం పదిమందిమి కూర్చొంటే తరచు వినిపించిన మాటలే.

అదే రోజుల్లో జరిగిన ఒక చిన్న సంగతి చెప్పవలసి వున్నది. నేను చదివిన కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. నా గదిలో వుండే మిత్రుడు ఒకనాడు ఊరేగింపుకు రానన్నాడు. మెస్సు బాకీ పడ్డాడు. ‘రేపు మా బాపు వస్తడన్నా. పైసలు దొరికినయో లేదో’ అన్నాడు. నేనప్పుడు నలుగురిలో అతన్ని పట్టుకొని ‘నీది మధ్యతరగతి పిరికితనం’ అన్నాను. అతని ఇంటికి వున్నది రెండెకరాల చెల్క. మధ్యతరగతి అనిపించుకోవడానికి కూడా అర్హత లేనివాడు. ఆ వారంలోనే పెట్టె సర్దుకొని ఊరికి పోయాడు. పరీక్షలకు రాలేదు. చాలా యేళ్లకు కోఠీలో పాత పుస్తకాల మధ్య ‘అంపశయ్య’ మళ్లీ దొరికితే కాచిగూడలోని మా ఇంటికి తెచ్చుకొని చదివాను. అప్పుడు నాకు పేజీపేజీలో నా మిత్రుడు కనిపించాడు. అంతకు ముందు నేను చదవనిది నవలను మాత్రమే కాదు.

ఇప్పుడు ఆ ఆక్షేపణలను ఒక్కొక్కటే చూద్దాము.

అరువు శిల్పం అన్నది నిలవదు. నవలే మనకు అరువు, చిన్నకథా అరువే. అరువు తెచ్చిన చట్రంలో ఎవరి బతుకు బిగించామన్నదే ప్రశ్న. జేమ్స్ జాయిస్ 1922లో ‘యులిసిస్’లో డబ్లిన్ నగరపు ఒక్క రోజును పట్టుకొన్నప్పుడు, ఆ రోజంతా తిరిగేవాడు పత్రికా ప్రకటనలు సేకరించుకొని బతికే ఒక సామాన్యుడు. మన తెలుగులో కూడా గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’, రావిశాస్త్రి ‘అల్పజీవి’ మనసు లోపలికి తొంగిచూసినవే. వాటికీ దీనికీ ఒక తేడా వుంది. ఆ మూడింటిలోనూ కోస్తా జిల్లాల మధ్యతరగతి మనిషి తన అంతరంగంతో పెనుగులాడుతాడు. రవి తెలంగాణా పల్లెనుంచి చదువుకోసం బయటికి అడుగుపెట్టిన మనిషి. అతని అంతరంగంలోకి ఊరు పూర్తిగా వచ్చి కూర్చొంటుంది.

సమాజాన్ని మాయం చేసే శిల్పమన్న రెండవ ఆక్షేపణ మరింత గట్టిది. కాని మనసు శూన్యంలో నడవదు. కడుపు నిండినవాని మనసు ఒక దారిన పోతుంది, అప్పు వున్నవాని మనసు లెక్కలు కడుతుంది. ఫీజు ఎంత, ఇంటినుంచి మనియార్డరు వస్తుందా, ఉన్న రెండు చొక్కాలలో ఏది తొడగాలి, ఎదురుపడిన వాడు అప్పు అడుగుతాడా అన్నవి సొంత ఆలోచనల్లాగే కనిపిస్తాయి. నిజానికి అవి వర్గసంబంధాలే. మనసులోకి వచ్చేసరికి వాటికి సిగ్గు అన్న పేరు పడుతుంది. బీదతనం గురించి వ్యాసం రాయడం సులభం. బీదతనం నలుగురిలో సిగ్గుగా మారే క్షణాన్ని పట్టుకోవడం కష్టం. చైతన్య స్రవంతి ఆ పనికి పనికివస్తుందని ‘అంపశయ్య’ రుజువు చేసింది. శిల్పానికి తనంత తాను వర్గం లేదు. అందులో ప్రవేశించే మనసుకు వుంటుంది.

ఇక మూడవది, రవి ఏమీ చేయడన్నది. నవల వెలువడిన 1969వ సంవత్సరంలోనే తెలంగాణా విద్యార్థులు తరగతులు వదలి వీధుల్లోకి వచ్చారు. నవల ఉద్యమాన్ని ముందే చెప్పిందని నేను అనను, అది అతిశయోక్తి అవుతుంది. కాని ఆ ఊరేగింపులో నడిచినదెవరు? 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందపు రక్షణలు అమలు కాలేదని, స్థానికులకు దక్కవలసిన ఉద్యోగాలు దక్కలేదని ఆగ్రహించిన యువకులు. ఉద్యోగమన్న మాట వారికి అంత బరువైనది ఎందుకు? కరపత్రం కోర్కె ఏమిటో చెబుతుంది. ఆ కోర్కె వెనక ఒక ఇల్లు మొత్తం ఎలా ఎదురు చూస్తున్నదో చెప్పడానికి నవల కావాలి. రవిని చదవకుండా 1969ని అర్థం చేసుకోబోతే మనకు నినాదం దొరుకుతుంది, మనిషి దొరకడు.

ఇంత మెచ్చుకొన్న తర్వాత నవల హద్దులు కూడా చెప్పకపోతే విమర్శ కాదు. అంతా రవి మనసులోంచే రావడంవల్ల, స్త్రీలు అతని ఆకర్షణలోనో బెదురులోనో ప్రతిఫలించినంత వరకే కనిపిస్తారు. అదే క్యాంపసులో చదివే ఒక అమ్మాయి రోజు ఎలా గడిచిందో మనకు తెలియదు. హాస్టలులో వండి వడ్డించి ఎంగిలి గిన్నెలు కడిగేవారి మనసు కూడా రాదు. అన్నిటికన్నా పెద్ద హద్దు మరొకటి. ఒక్క మనసులో వుండిపోయిన కథ, అటువంటి మనసులు పక్క గదుల్లో ఎన్ని వున్నవో లెక్క కట్టలేదు. ఇది పద్ధతికి సహజమైన హద్దు. దాన్ని దాటే నవల రాయవలసిన బాధ్యత తరువాతివారిది. ‘అంపశయ్య’ తన పని తాను చేసింది.

తరువాతివారు ఆ పని చేశారా? కాచిగూడలో లోకలు రైలెక్కితే విద్యానగర్, జామై ఉస్మానియా దాటగానే ఆర్ట్స్ కాలేజీ స్టేషను వస్తుంది. అందులో ఎప్పుడెక్కినా ఒళ్లో పోటీపరీక్షల గైడు పెట్టుకొని కూర్చొన్న యువకులు కనిపిస్తారు. తెలంగాణా రాష్ట్రం 2014 జూన్ 2న వచ్చింది. కొత్త రాష్ట్రంలో తొలి గ్రూప్-1 నోటిఫికేషనుకు ప్రిలిమినరీ పరీక్ష 2022 అక్టోబరులో జరిగింది. ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడడంతో 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ పెట్టారు. సెప్టెంబరులో హైకోర్టు దానిని కూడా రద్దు చేసింది. ఒకే పరీక్షను రెండుసార్లు రాసి, రెండుసార్లూ రాయనట్లే మిగిలినవారు వేలకు వేలు. దీనిమీద ప్రకటనలు వచ్చాయి, ధర్నాలు జరిగాయి. అవి జరగవలసినవే. కాని ఆ రద్దు వార్త విన్న రోజున తార్నాక అద్దె గదిలో ఒక యువకుడు, కోఠీ హాస్టలులో ఒక యువతి తెల్లవారి లేచి రాత్రివరకూ ఏమేమి లెక్కలు కట్టుకొన్నారు? ఇంటికి ఫోను చేయడానికి ఎంతసేపు వెనకాడారు? అటువంటి ఒక్క రోజును పూర్తిగా పట్టుకొన్న నవల నా కంట పడలేదు.

మన విద్యార్థి సంఘాల మిత్రులకు నేను చెప్పదలచినది ఇంతే. ఊరేగింపుకు రానివాణ్ణి పిరికివాడు అనే ముందు అతని గదిలోకి వెళ్లి కాసేపు కూర్చోండి. మెస్సు బిల్లు ఎంత వచ్చిందని అడగండి. మా మిత్రుణ్ణి ఆ ప్రశ్న అడిగే పాటి తీరిక నాకు లేకపోయింది. నేనప్పుడు నినాదాలు రాసుకొంటూ వున్నాను.