ద్రాబా! రోమ్ మీద తొలి శూలం విసిరినవాడా!

స్పార్టకస్ నీ పేరడిగితే చెప్పనన్నావు ద్రాబా! గ్లాడియేటర్లకు స్నేహాలు తగవన్నావు. రేపు ఇద్దరినీ ఒకే బరిలోకి దింపితే నిన్ను చంపాల్సింది నేనే కదా అన్నావు. ఆ మాట వెనుక ఎన్ని చావులు చూసిన అలసటో, ఎన్ని ప్రేమలను మొగ్గలోనే తుంచుకున్న గుండెకోతో!

1960 నాటి ‘స్పార్టకస్’ మూడు గంటలు దాటిన మహాప్రవాహం. స్టాన్లీ కూబ్రిక్ దర్శకుడు, కిర్క్ డగ్లస్ నాయకుడు, కొండవాలు నిండా కదిలొచ్చే రోమన్ సేనావాహిని. అందులో వుడీ స్ట్రోడ్ నీకు ఊపిరి పోసింది కొద్ది నిమిషాలే. నా మనసు మాత్రం ఆ నిమిషాలు దాటి ముందుకు సాగనంటుంది.

కాపువా గ్లాడియేటర్ల బడికి వచ్చిన కులీన స్త్రీలు చావుదాకా సాగే పోరు కావాలన్నారు. అంగట్లో గాజులు ఎంచినట్టు మనుషులను ఎంచారు. నల్లకలువల నిగారింపున్న నీ మేను వాళ్ల కంటికి ఓ విలాసవస్తువు.

ఆ తర్వాత ఆ చెక్క గది! బయట మొదటి జంట కత్తుల ఖణఖణలు. లోపల నువ్వూ స్పార్టకసూ ఎదురెదురుగా. ఇద్దరి మధ్య ఒక్క మాట లేదు. మరికాసేపట్లో ఒకరి నెత్తురు మరొకరి చేతులకంటాలి. ఆ గదిలో స్ట్రోడ్ చేసింది కూర్చోవడమే. కానీ ఆ కూర్చోవడంలో ఎంత వేదన! కనురెప్ప వాలితే అమావాస్య, లేస్తే దావానలం. పేజీల కొద్దీ సంభాషణలు పలికిన మహానటులున్న ఆ చిత్రంలో ఇంతటి నటన నాకు మరొకటి కనిపించదు.

తలుపు తెరిచారు. నీ చేత వల, త్రిశూలం. అతని చేత పొట్టి కత్తి, చిన్న డాలు. గెలిచింది నువ్వే. శూలపు మొనలు స్పార్టకస్ గొంతు దగ్గర నిలిచాయి. చంపమని పైనుంచి ఆజ్ఞ. నువ్వు తలెత్తావు. ఓడల అడుగున కుక్కిన తరాల ఆక్రోశమంతా నీ చూపులోకి పొంగిందా అనిపించింది నాకు. త్రిశూలం పైనున్న ఆ కులీనుల వైపు రివ్వున లేచింది. గురి తప్పింది, అయ్యో! అయినా ఆగక గోడ ఎగబాకావు. వెన్నులో ఈటె దిగినా వేళ్లు పట్టు వదల్లేదు. వాళ్లలో ఒకడైన క్రాసస్, లారెన్స్ ఒలివియర్ పోషించిన పాత్ర, తాపీగా వంగి నీ మెడ మీద కత్తి దించాడు. నీ నెత్తురు అతని ముఖాన చిమ్మింది.

నీ దేహాన్ని తలకిందులుగా వేలాడదీశారు, తోటివాళ్లు చూసి దడవాలని. వాళ్లు చూశారు, దడవలేదు, తిరగబడ్డారు. తిరుగుబాటు గెలిచాక, పట్టుబడ్డ రోమన్లిద్దరిని అదే బరిలో కొట్టుకు చావమని తోటి గ్లాడియేటర్ క్రిక్సస్ పురిగొల్పినప్పుడు, స్పార్టకస్ అడ్డుపడి నీ పేరెత్తాడు. ఇద్దరు మనుషులు ఒకరినొకరు చంపుకోవడం ఇక చూడనన్న ఒట్టు నువ్వూ పెట్టుకున్నావనీ, నిలబెట్టుకున్నావనీ చెప్పాడు. చివర్లో వీరులంతా ఒక్కొక్కరే లేచి ‘నేనే స్పార్టకస్’ అని ఎలుగెత్తినప్పుడు నా చెవులు నీ గొంతు కోసమే వెతుకుతాయి.

నిన్ను పోషించిన మనిషి బతుకూ నీ బతుకుకు తోబుట్టువే. 1914లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన స్ట్రోడ్, ఏళ్ల తరబడి నల్లవారికి మూసుకుపోయిన నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ తలుపులను 1946లో కెన్నీ వాషింగ్టన్‌తో కలిసి లాస్ ఏంజెలెస్ రామ్స్ జట్టు తరఫున తెరిచాడు. అప్పటికే 32 ఏళ్లు. ఆ లీగ్‌లో ఆడింది ఒక్క సీజనే. తలుపు తెరిచినవాడికి ఇంట్లో పీట దక్కలేదు.

నీ పాత్రకు గోల్డెన్ గ్లోబ్ నామినేషన్ వచ్చింది, అంతే. ఆస్కార్ సహాయనటుల జాబితాలో స్ట్రోడ్ పేరే లేదు. ఆ బహుమతి ఇదే చిత్రానికి, నిన్ను కొని బరిలోకి దింపిన బాటియాటస్‌గా నటించిన పీటర్ ఉస్తినోవ్‌కు వెళ్లింది. ఆయన ప్రతిభకు నేనూ చేతులు జోడిస్తాను. అయినా ద్రాబా, యజమానికి పట్టిన ఆ హారతి నీకూ పట్టాల్సింది!