ఎంగిలాకు సాక్ష్యం

శ్రీశ్రీ పేరు చెప్పగానే మనవారికి జ్ఞప్తికి వచ్చేవి ఎలుగెత్తి చదువదగిన గీతాలు. 1950లో వెలువడిన ‘మహాప్రస్థానం’ సంపుటిలో అటువంటి గీతాల నడుమ ‘భిక్షువర్షీయసి’ అనే చిన్న ఖండిక ఒకటి ఉన్నది. పేరు చూచి బెదరనక్కరలేదు. వర్షీయసి అనగా మిక్కిలి వయసు మళ్ళిన స్త్రీ. బిచ్చమెత్తుకునే ముసలమ్మ అని అర్థం. సంస్కృతం పేరుతోనే సరి. లోపలి తెలుగు మన నాయనమ్మలకు చదివి వినిపించినా బోధపడేదే.

దీనిని జాలి కవిత అని చెప్పి, చదివి, ఒక నిట్టూర్పు విడిచి పుట త్రిప్పేయటం వాడుక అయిపోయింది. ఆ వాడుకతోనే నాకు పేచీ.

ముందు విషయం చెప్పుకుందాం. దారి ప్రక్కన, ఒక చెట్టు నీడన, ముసలిది మూలుగుతూ కూర్చుని ఉన్నది. జబ్బు చేసింది. అడుక్కునే ఓపిక సైతం పోయింది. చలి రోజులు దగ్గరపడుతున్నవి. ఈమె పోతే ఆ పాపం ఎవరి ఖాతాలో పడుతుందని గాలి అడుగుతుంది, జవాబు కోసం నిలవకుండా సాగిపోతుంది. ఎముకతో పనిపడిన కుక్క నోరు విప్పదు. తొండకు ఈగ దొరికింది, దాని దారి అది చూసుకుంటుంది. (తొండ అంటే ఇక్కడ మనం కామెలెయోన్ అని పిలుచుకునేదే.) చీకటి పడుతుంది, దుమ్ము లేస్తుంది. అప్పుడు ఒక ఎంగిలి విస్తరాకు కొట్టుకువచ్చి, ఈ పాపంతో తనకు సంబంధం లేదని చెప్పుకుంటుంది. ఖండిక అక్కడితో సరి.

ఇప్పుడు ఉపమానాలను చూడండి. ఆ ముసలమ్మను కవి నిప్పు చల్లారిన కుంపటితో పోల్చాడు. నెరసిన తలను ముగ్గుబుట్టతో పోల్చాడు. కుంపటి ఉండేది ఎక్కడ? వంటయింట్లో. ముగ్గుబుట్ట చేతికి వచ్చేది ఎక్కడ? వాకిట్లో, తెల్లవారుజామున, గడప కడిగిన తరువాత. విస్తరాకు భోజనాల దగ్గరిది. ఇల్లు లేని మనిషిని వర్ణించటానికి కవి ఏరుకున్నవాటిలో ఎక్కువ ఇంటి సామానులే! ఇది అనుకోకుండా జరిగినదని నేననుకోను. ఒకనాడు ఆమెకూ ఒక పొయ్యి ఉండేదని, తన వాకిలి తానే ఊడ్చుకునేదని ఒక్క ముక్క కూడా చెప్పకుండా కవి చెప్పేశాడు. ఆరిన కుంపటి అన్నాక అది ఒకప్పుడు మండిందని, ఎవరికో అన్నం వండి పెట్టిందని వేరే చెప్పాలా?

రెండవ సంగతి. దారి అన్నాడు గదా, ఆ దారిన పోయే మనిషి ఏడీ? గాలి ఉన్నది, కుక్క ఉన్నది, తొండ ఉన్నది. ముసలమ్మ తప్ప మరొక మనిషి ఖండిక అంతటా లేడు. అడగవలసినవాడు రాలేదు గనుక గాలి అడిగింది. ఒప్పుకోవలసినవాడు రాలేదు గనుక ఆకు వచ్చి తనది కాదన్నది. ఆ ఆకును ఎవరూ నిందించలేదే, అది ఎందుకు ఉలిక్కిపడింది? అది నిండుగా ఉన్న చోటునుండి వచ్చింది గనుక. అందులో ఎవరో కడుపునిండా తిని లేచారు. మన పెళ్ళిళ్ళలో అరటాకు పరచి ఏడు కూరలు వడ్డించుకునే మనకు ఆ ఆకు ఎటునుండి ఎగిరివచ్చిందో ఒకరు చెప్పనక్కరలేదు. ఇది జాలి కవిత కాదు, పంచాయతీ. పిలిచినా పెద్దమనుషులు రాని పంచాయతీ.

మన మొరీషస్ పాఠకులు ఈ ఖండికను ప్రత్యేకించి చదువవలసిన కారణం మరొకటి ఉన్నది. శ్రీశ్రీ విశాఖపట్నంలో పుట్టినవాడు. మన పూర్వీకులలో చాలామంది ఆ విశాఖ, గంజాం, గోదావరి సీమలనుండే ఓడ ఎక్కారు. వారు ఇక్కడ దిగిన తరువాత, దారిన కనిపించిన మనిషిని గురించి చట్టం అడిగిన ప్రశ్న వేరు. ఒప్పందపు గడువు పూర్తిచేసిన పాత కూలీ తన ఇష్టం వచ్చిన చోటికి పోవచ్చు గదా? పోనివ్వలేదు. 1867 నాటి చట్టం అతని దగ్గర ఫొటో అంటించిన టికెట్టు ఉండి తీరాలన్నది. లేనివాడిని పోలీసు దారిలోనే పట్టుకుని దేశదిమ్మరి అని ముద్ర వేసేవాడు. అటువంటివారిని ఉంచటానికి గ్రాండ్ రివియేర్ దగ్గర డిపో ఉండేది. అడోల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే ఆయన సాయంతో 1871లో 9,401 మంది పాత కూలీలు గవర్నరుకు అర్జీ పెట్టుకున్నారు. 1872లో రాయల్ కమిషను వచ్చింది, 1875లో నివేదిక వెలువడింది. అందాక ఆ నేరమంతా నడిచేవాడిదే, అతన్ని నడిపించినవాడిది కాదు.

శ్రీశ్రీ ఖండికలో పాపం ఎవరిదన్న ప్రశ్న ఒక్కసారి కూడా ముసలమ్మవైపు తిరగదు. నీ ఊరు ఏది, నీ కాగితం ఏది, పని ఎందుకు చేయవు అని ఎవరూ అడగరు. టికెట్టు అడిగించుకున్న జాతికి ఈ తేడా ఎంతటిదో తెలియాలి. తెలుసా అని నా అనుమానం. మన క్రియోల్‌లో వాగాబోన్ అనేది ఈనాటికీ తిట్టే. మన తాతలను పట్టుకెళ్ళిన మాటనే మనం ఇతరులమీద విసురుతున్నాం.

ఇదే విషయం మీద తిలక్ వ్రాసిన ‘ఆర్తగీతం’ కూడా చదువదగినది. తిలక్ 1966లో పోయిన తరువాత, 1968లో వచ్చిన ‘అమృతం కురిసిన రాత్రి’లో అది ఉన్నది. ఆ పుస్తకానికి 1971లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. మర్రిచెట్టు క్రింద ఆకలితో చనిపోయిన ముసలివాడిని, వానలో వంతెన క్రింద ప్రసవించిన స్త్రీని తాను కళ్ళారా చూశానని ఆయన పదే పదే చెబుతాడు. శ్రీశ్రీ కనపడకుండా దాగి ఉంటే తిలక్ ముందుకు వచ్చి సాక్ష్యం చెబుతాడు. అందులో నిజాయితీ ఉన్నది, సందేహం లేదు. అయితే దృశ్యాలు ఒకదాని వెనుక ఒకటి పరుగెత్తుతాయి. ఏ ఒక్కరి దగ్గరా మనం కూర్చోలేము. చివరికి మనకు గుర్తుండేది ఆ ముసలివాడు కాదు, కవి పడ్డ బాధ. తిలక్‌ను ముందు చదివి, కన్నీళ్ళు తుడుచుకున్న తరువాత శ్రీశ్రీని చదవటం మేలు.

శ్రీశ్రీ ఖండికలో లోపం లేకపోలేదు. ఆమె బ్రతుకు కన్న శవం మేలు అన్న ధోరణిలో ఒక మాట ఉన్నది. అది నాకు రుచించదు. ఈ గీతాలు చాలావరకు 1930లలో వ్రాసినవి, అప్పటికి కవికి ముప్పయి నిండలేదు. వయసు మళ్ళిన ఒంటిని చూసి పడుచువాడు అనే మాట అది. అంతకన్న పెద్ద లోపం, ముసలమ్మ ఒక్క మాటైనా మాట్లాడకపోవటం. జాషువ ‘గబ్బిలం’ (1941)లో గుడి గడప తొక్కనివ్వని మనిషి తన మొర తానే చెప్పుకుంటాడు, గబ్బిలం చేత శివుడికి కబురు పంపుతాడు. ఇక్కడ గాలికీ ఆకుకూ ఉన్న గొంతు ఆమెకు లేదు. మూలుగు మాత్రం ఉన్నది.

సాయంకాలపు బడులలో తెలుగు చెప్పే అయ్యవార్లకూ అమ్మలకూ ఒక మనవి. ఈ ఖండికను పిల్లలచేత వల్లెవేయించి ఊరుకోకండి. పోర్ట్ లూయీ కంపెనీ తోటలో బల్లలమీద పడుకుని ఉండేవారిని ఆ పిల్లలు చూసే ఉంటారు. పాఠం అయిన తరువాత కాగితం ఇచ్చి, ఆ ముసలమ్మకు నోరు వస్తే ఏమంటుందో నాలుగు వాక్యాలు వ్రాయమనండి. తెలుగు రాకపోతే క్రియోల్‌లోనైనా సరే.