తీర్పు దేవుడిది, రాయి ఊరివాళ్లది

క్రైస్తవ విశ్వాసంలో తీర్పు గురించి రెండు మాటలు పక్కపక్కనే ఉన్నాయి. తీర్పు తీర్చే అధికారం దేవుడిదే, మనుషులు ఒకరికొకరు తీర్పు తీర్చుకోకూడదు అన్నది మొదటిది. మత్తయి సువార్త ఏడో అధ్యాయంలో, కొండమీద ప్రసంగంలో ఉన్నది ఇదే. ఇతరులకు తీర్పు తీర్చేవాడు తనకు తానే తీర్పు తీర్చుకుంటున్నాడని రోమా సంఘానికి రాసిన ఉత్తరంలో పౌలు కూడా అంటాడు. సంఘం తన లోపలివాళ్ల నడతను విచారించాలి, దారి తప్పినవాళ్లను వెలివేయాలి అన్నది రెండోది. ఇదీ పౌలు మాటే. కొరింథు సంఘానికి రాసిన మొదటి ఉత్తరం అయిదో అధ్యాయంలో ఉంది. విశ్వాసులు ఈ రెంటినీ ఎలా సమన్వయం చేసుకోవాలన్నది వేదాంత పండితుల చర్చ. సాహిత్య విద్యార్థినిగా నాకు ఆసక్తి కలిగించేది వేరే ప్రశ్న. ఈ రెండు మాటల మధ్య ఉన్న ఖాళీ స్థలంలో పదేపదే ఒక స్త్రీనే తీసుకొచ్చి ఎందుకు నిలబెడతారు?

నథానియెల్ హాథార్న్ 1850లో రాసిన ‘ద స్కార్లెట్ లెటర్’ నవల ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నవాళ్లలో చాలామందికి పాఠ్యపుస్తకంగా పరిచయమే. 1640ల బోస్టన్‌లో, భర్త దగ్గరలేని హెస్టర్ ప్రిన్ ఒక ఆడపిల్లను కంటుంది. తండ్రి పేరు చెప్పదు. వ్యభిచారమనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాటలోని మొదటి అక్షరం ‘ఏ’ని ఎర్రగుడ్డ మీద కుట్టుకుని బతికినంతకాలం గుండెల మీద ధరించాలని ఊరిపెద్దలు శిక్ష వేస్తారు. ఆ తండ్రి, ఊరంతా దైవాంశగా కొలిచే యువ పాస్టరు డిమ్స్‌డేల్. ఈ నవలను పాపం, పశ్చాత్తాపం, విమోచన అనే చట్రంలో పెట్టి చెప్పడం ఆనవాయితీ. ఆ చట్రంలో కథ మెల్లగా డిమ్స్‌డేల్ కథ అయిపోతుంది. కాని పాపం ఎవరిది అని కాకుండా తీర్పు ఎవరిది అని అడుగుతూ చదివితే ఈ నవల వేరే పుస్తకంలా కనిపిస్తుంది.

హెస్టర్ నిలబడ్డ చోట ఆమెకన్నా ముందే నిలబడ్డ స్త్రీ ఒకామె ఉంది. యోహాను సువార్త ఎనిమిదో అధ్యాయంలో శాస్త్రులు, పరిసయ్యులు వ్యభిచారంలో పట్టుబడిందని ఒక స్త్రీని తెచ్చి దేవాలయంలో అందరి మధ్యా నిలబెడతారు. ఆమెకు పేరు లేదు. ఆమెతోపాటు పట్టుబడి ఉండాల్సిన మగవాడూ లేడు. లేవీయకాండమూ ద్వితీయోపదేశకాండమూ ఇద్దరికీ మరణశిక్షే చెబుతున్నాయి. అయినా ఒక్కరినే పట్టుకొచ్చారు. వాళ్లకు కావలసింది ఆమె కూడా కాదు, యేసును ఇరికించడానికి ఒక సాకు. యేసు వంగి నేలమీద ఏదో రాస్తాడు. పాపం లేనివాడు మొదటి రాయి వేయవచ్చని చెప్పి మళ్లీ వంగుతాడు. పెద్దవాళ్లతో మొదలై ఒక్కొక్కరే వెళ్లిపోతారు. తానూ ఆమెకు శిక్ష విధించనని చెప్పి, ఇక పాపం చెయ్యవద్దని పంపేస్తాడు.

ఇంతకన్నా ఆసక్తికరమైనది ఈ కథకు పట్టిన గతి. నాలుగో శతాబ్దపు ప్రసిద్ధ ప్రతులైన సినాయిటికస్, వాటికానస్‌లలో ఈ భాగం లేదు. మనకు దొరికిన గ్రీకు ప్రతుల్లో దీన్ని మొదట చూపించేది సుమారు ఐదో శతాబ్దానికి చెందిన బేజా ప్రతి. ఇది సువార్తలోకి తర్వాత చేరిన భాగమని నేటి పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. కాని ఐదో శతాబ్దంలో అగస్టీన్ మరో కారణం చెప్పాడు. ఈ కథ చదివితే తమ భార్యలు శిక్షభయం లేకుండా పాపానికి ఒడిగడతారేమోనని భయపడి, విశ్వాసం తక్కువైన కొందరు మగవాళ్లు దీన్ని ప్రతుల్లోంచి తీసేశారని. చారిత్రకంగా ఆయన చెప్పింది నిజం కాకపోవచ్చు. కాని అలాంటి కారణం ఆయనకు నమ్మదగ్గదిగా తోచడమే మనకు ముఖ్యం. దేవుడు క్షమించినా భర్తలు ఒప్పుకోరని, దేవుడి తీర్పు తమకు అనుకూలంగా లేకపోతే పుటను చింపేయగలరని, తన తోటి మగవాళ్ల గురించి ఒక క్రైస్తవాచార్యుడే అనుకున్నాడు.

మసాచుసెట్స్ ప్యూరిటన్ల దగ్గర ఆ పుట ఉంది. అయినా 1641లో వాళ్లు చేసుకున్న చట్టంలో వ్యభిచారానికి మరణశిక్షే రాసుకున్నారు. 1644లో జేమ్స్ బ్రిటన్‌నూ, పద్దెనిమిదేళ్ల మేరీ లేథమ్‌నూ ఆ నేరానికి బోస్టన్‌లో ఉరితీశారు. పక్కనున్న ప్లిమత్ వలసరాజ్యం 1658లో చేసిన చట్టం ప్రకారం నేరస్తులు గుడ్డతో కత్తిరించిన రెండక్షరాలను బట్టలమీద కుట్టుకోవాలి. హాథార్న్ ఎర్ర అక్షరం గాలిలోంచి పుట్టింది కాదు.

నవల మొదటి అధ్యాయంలో జైలు గుమ్మం పక్కన ఒక అడవి గులాబీ మొక్క ఉంటుంది. ఆన్ హచిన్సన్ జైల్లోకి అడుగుపెట్టినప్పుడు ఆమె అడుగుల కింద మొలిచిందేమో అంటాడు రచయిత. ఆ పేరు ఊరికే రాలేదు. హచిన్సన్ తన ఇంట్లో ఆడవాళ్లను కూర్చోబెట్టి ఆదివారం ప్రసంగాలను చర్చించేది. క్రమంగా మగవాళ్లూ రావడం మొదలైంది. 1637 నవంబరులో గవర్నరు జాన్ విన్‌త్రాప్ అధ్యక్షతన ఆమెను విచారించారు. లేఖనాలు చెప్పి వాళ్లకు దీటుగా వాదించింది. దేవుడు తనతో నేరుగా మాట్లాడతాడని అనేసరికి వాళ్లకు కావలసింది దొరికింది. దేశబహిష్కారం వేశారు. ఏ కారణంతో వెళ్లగొడుతున్నారని ఆమె అడిగితే, కారణం కోర్టుకు తెలుసు, అంతే చాలు అన్న అర్థంలో జవాబిచ్చాడు విన్‌త్రాప్. 1638 మార్చిలో సంఘం కూడా ఆమెను వెలివేసింది.

అంతటితో ఆగలేదు. హచిన్సన్ స్నేహితురాలు మేరీ డయ్యర్‌కు 1637లో అవయవలోపంతో చనిపోయిన శిశువు పుట్టింది. రహస్యంగా పాతిపెట్టారు. సంగతి తెలిసి విన్‌త్రాప్ ఆ శవాన్ని తవ్వించాడు. దాని రూపాన్ని వర్ణించి రాసుకున్నాడు. ఆ తర్వాత హచిన్సన్‌కూ గర్భం చెడిపోతే దాన్నీ అలాగే రాశాడు. ఆ ఆడవాళ్ల తప్పుడు విశ్వాసాలమీద దేవుడి తీర్పు వాళ్ల గర్భాల్లోనే కనిపించిందని ఆయన వాదన. 1643లో హచిన్సన్, ఆమె పిల్లల్లో కొందరు మూలవాసుల దాడిలో చనిపోయినప్పుడు దాన్నీ దైవశిక్షగానే చెప్పుకున్నారు. తర్వాత క్వేకరు మతంలో చేరిన మేరీ డయ్యర్‌ను 1660 జూన్ 1న బోస్టన్‌లో ఉరితీశారు.

దేవుడి తీర్పు, మనిషి తీర్పు అని మనం వేరువేరుగా చెప్పుకునేవి ఇక్కడ ఎలా కలిసిపోయాయో చూడండి. ముందు మనుషులు శిక్ష వేస్తారు. తర్వాత ఆ స్త్రీకి జరిగిన ప్రతి నష్టాన్నీ, చివరికి ఆమె గర్భశోకాన్ని కూడా, దేవుడు వేసిన సంతకంగా చదువుతారు. ఆ సంతకం చదవగలిగే కళ్లు మాత్రం న్యాయమూర్తులవే.

ఇది తెలిసి చదివితే నవల మధ్యలో వచ్చే ఒక ఘట్టం మరోలా అర్థమవుతుంది. ఒక రాత్రి ఆకాశంలో ఉల్క మెరిసి ‘ఏ’ అక్షరంలా కనిపిస్తుంది. అది తన పాపాన్ని చాటడానికే వచ్చిందనుకుంటాడు డిమ్స్‌డేల్. మర్నాడు చర్చి సేవకుడు వచ్చి, రాత్రి గవర్నరు విన్‌త్రాప్ చనిపోయాడు, ఆయన దేవదూత అయ్యాడనడానికి ఆ అక్షరం గుర్తు అని ఊరు చెప్పుకున్న మాట చెబుతాడు. ఆడవాళ్ల శరీరాల్లో దేవుడి కోపాన్ని చదివిన మనిషి చావులో ఊరు దేవుడి ప్రేమను చదివింది. అక్షరం ఒకటే. హెస్టర్ గుండెమీద అది వ్యభిచారం, గవర్నరు పేరున అది దేవదూత.

హాథార్న్‌కు ఈ ఎత్తిపొడుపు ఊరికే అబ్బలేదు. ఆయన పూర్వీకుడు జాన్ హాథార్న్ 1692 సేలం మంత్రగత్తెల విచారణల్లో న్యాయమూర్తి. ఆ ఏడాది ఉరితీసిన పందొమ్మిది మందిలో పద్నాలుగు మంది స్త్రీలు. నవలకు రాసిన ముందుమాటలో తన పూర్వీకుల సిగ్గును తన మీద వేసుకుంటున్నానంటాడు రచయిత.

తీర్పరులందరూ మగవాళ్లే అనుకుంటే మాత్రం నవలను సగమే చదివినట్టు. హెస్టర్ జైల్లోంచి బయటికి రాకముందే సంతలో నిలబడ్డ ఆడవాళ్లు, పెద్దలు మరీ మెత్తగా వదిలేశారని సణుగుతారు. నుదుట కాల్చిన ఇనుముతో వాత పెట్టాల్సిందంటుంది ఒకామె. లేఖనంలోనూ చట్టంలోనూ చావే ఉంది కదా అంటుంది ఇంకొకామె. బిడ్డతో వచ్చిన ఒక చిన్నామె మాత్రం, అక్షరాన్ని ఎంత దాచుకున్నా నొప్పి గుండెలో ఉండనే ఉంటుందంటుంది. మన భాషలో ‘పాపం’ అనే మాటకు రెండు వాడుకలున్నాయి. ఒకటి వేలెత్తి చూపించడానికి, ఒకటి అయ్యో అనడానికి. ఆ గుంపులో రెండో ‘పాపం’ అన్నది ఆమె ఒక్కతే. ఏడేళ్ల తర్వాత అదే సంతలో అవే ముఖాలు మళ్లీ హెస్టర్‌ని చూస్తాయి. ఆ చిన్నామె ఉండదు. చనిపోయిందనీ, ఆమెను పాతిపెట్టిన వస్త్రాన్ని హెస్టరే కుట్టిందనీ ఒకే ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు పోతాడు హాథార్న్.

శిక్షగా కుట్టమన్న అక్షరాన్ని బంగారుదారంతో వైభవంగా కుట్టుకున్న రోజే హెస్టర్ తీర్పును తన చేతిలోకి తీసుకుంది. తర్వాత ఊరంతా ఆమె సూదిపనినే కోరుకుంది. అధికారుల దుస్తులకూ, పసిపిల్లల బట్టలకూ, శవాలకూ ఆమె కుట్టే కావాలి. పెళ్లికూతురి మేలిముసుగు మాత్రం ఆమె చేత కుట్టించరు. అడవిలో డిమ్స్‌డేల్‌ను కలిసినప్పుడు, తామిద్దరూ చేసినదానికి దాని పవిత్రత దానికి ఉందని చెబుతుంది. ఈ మాట దగ్గర నాకు ఓల్గా ‘విముక్త’ కథల్లోని అహల్య గుర్తొస్తుంది. ‘మృణ్మయనాదం’ కథలో ఆమె సీతతో, తప్పు జరిగిందా లేదా అన్నది కాదు, విచారించే అధికారం వాళ్లకెవరిచ్చారన్నదే ప్రశ్న అన్న అర్థంలో మాట్లాడుతుంది. అహల్య న్యాయస్థానాన్నే కాదంటుంది. హెస్టర్ అంతదూరం వెళ్లలేదు. ఆమె న్యాయస్థానం మధ్యలో ఉంటూనే వేరే తీర్పు రాసుకుంది.

ఆ తీర్పును నవల చివర కొట్టేసేది గవర్నరు కాదు, ప్రేమికుడు. శిక్షా వేదికమీద తన పాపాన్ని బయటపెట్టి చనిపోతున్న డిమ్స్‌డేల్‌ను, పై లోకంలోనైనా మనం కలుస్తామా అని అడుగుతుంది హెస్టర్. ఊరుకోమంటాడు. మనం చట్టాన్ని అతిక్రమించాం, అలా ఆశపడటం వృథాయేమో అంటాడు. అదే ఊపిరిలో, దేవుడు దయాళువు, ఆ దయ తన బాధల్లో రుజువైందని కూడా అంటాడు. దేవుడి దయను తన వాటాకు తీసుకుని, దేవుడి చట్టాన్ని ఆమె వాటాకు వదిలాడు. ఏడేళ్లు నోరు విప్పని మనిషి చివరి నిమిషంలో దేవుడి తరఫున పలికిన తీర్పు ఇది. విమర్శకులు తరచు ఈ ఘట్టాన్ని విమోచన అంటారు. ఎవరికి విమోచన అని మనం అడగాలి.

తెలుగులో ‘తీర్చు’ అన్న క్రియ తీర్పుకే పరిమితం కాదు. ఆకలి తీరుస్తాం, దప్పిక తీరుస్తాం, బాకీ తీరుస్తాం. సువార్తలో గ్రీకు క్రియ ‘క్రినో’కు మూలార్థం వేరుచేయడం. మత్తయి సువార్త ఇరవై అయిదో అధ్యాయంలోని అంతిమ తీర్పులో ఈ రెండర్థాలూ కలుస్తాయి. గొర్రెలనూ మేకలనూ వేరుచేసినట్టు మనుషుల్ని వేరుచేస్తారు. ఏ ప్రాతిపదిక మీద? ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టావా, దప్పికగొన్నవాడికి నీళ్లిచ్చావా, పరదేశిని చేర్చుకున్నావా, బట్టలు లేనివాడికి బట్టలిచ్చావా, రోగినీ ఖైదీనీ చూడబోయావా అని. శీలం గురించి ఒక్క ప్రశ్న లేదు. ఆ పరీక్ష హెస్టర్‌కి పెట్టి చూడండి. తనను తిట్టే పేదలకే తిండి పెట్టింది. వాళ్లకు ముతకబట్టలు కుట్టి ఇచ్చింది. రోగాలు వచ్చిన ఇళ్లలో రాత్రంతా మేలుకుంది. అందుకే కొన్నేళ్లకు ఊళ్లో కొందరు ఆ అక్షరానికి ‘ఏబుల్’, అంటే సమర్థురాలు, అనే అర్థం చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఊరికి తెలియకుండానే తీర్పు మారింది. బోస్టన్ తన చట్టపుస్తకం మూసేసి ఆ అధ్యాయం తెరిస్తే వచ్చే తీర్పు అది.

ఇంతదాకా తీసుకొచ్చిన హాథార్న్ ముగింపులో వెనక్కి తగ్గుతాడు. ఐరోపా నుంచి తిరిగొచ్చిన హెస్టర్ ఎవరూ అడగకుండానే అక్షరాన్ని మళ్లీ ధరిస్తుంది. దగాపడ్డ ఆడవాళ్లు ఆమె గుడిసెకు వచ్చి గోడు చెప్పుకుంటారు. స్త్రీపురుషుల సంబంధం పరస్పర సుఖం మీద నిలబడే కాలం వస్తుందని వాళ్లకు ధైర్యం చెబుతుంది. కాని ఆ సత్యాన్ని చాటే స్త్రీ తాను కాదట, కళంకం లేని మరొకరెవరో రావాలట. పాపం లేనివాళ్లే రాయి వేయాలని సువార్త అంటే, పాపం లేనివాళ్లే సత్యం చెప్పాలని నవల అంటోంది. ఈ షరతును మనం ఒప్పుకోనక్కరలేదు. ఆ గుడిసెలో ఆడవాళ్లు గోడు వినిపించుకోవడానికి వెతుక్కుంటూ వచ్చింది కళంకం లేని మనిషిని కాదు, హెస్టర్‌నే.

ఆన్ హచిన్సన్ మీద బహిష్కారాన్ని 1987లో మసాచుసెట్స్ గవర్నరు మైకేల్ డుకాకిస్ రద్దు చేశాడు. మనిషి తీర్పును మనిషే దిద్దుకోవడానికి మూడున్నర శతాబ్దాలు పట్టింది. అయినా ఎప్పటికో ఒకప్పటికి దిద్దుకోగలిగారు, అది మనుషుల తీర్పు అని ఒప్పుకున్నారు కాబట్టి. దేవుడి పేరు మీద వేసిన శిక్షలతో చిక్కు అక్కడే ఉంది. వేసింది మనిషే అని ముందు ఒప్పించాలి. స్త్రీల విమర్శ చేయాల్సిన పనిలో సగం అదే.