ఎల్లిసుదొర ప్రశ్నయు 'నీరు' శబ్దమును

ఒక సభయందు నేను 'నీరు' అను మాటను సంస్కృత 'నీర' శబ్దమునుండి సాధించి చూపితిని. సభ ముగిసిన పిమ్మట నరవదేశమునుండి వచ్చిన యొక వృద్ధపండితుఁడు నన్నుఁ జేరి, "శాస్త్రిగారూ, సంస్కృతగంధ మెఱుఁగని మా పల్లెవారును నీరనియే యనుచున్నారు. కన్నడమునందును నీరే. ఇది సంస్కృతమునుండియే వచ్చెననుటకుఁ బ్రమాణమేమి?" యని యడిగెను. విజయవాడ కాలువగట్టున నింటికి నడచిపోవుచుండఁగా నాకుఁ దోఁచినవన్నియుఁ గోపవాక్యములే. సమాధాన మొక్కటియుఁ దోఁపలేదు.

ఆ ప్రశ్న క్రొత్తది కాదని 2006లో థామసు ట్రౌట్‌మను ప్రకటించిన గ్రంథమువలన నాకుఁ దెలిసినది. కాంబెలుదొర చెన్నపురియందు 1816లో ముద్రింపించిన తెలుఁగు వ్యాకరణమున ఫ్రాన్సిసు వైటు ఎల్లిసుదొర యొక ప్రకరణమును జేర్చెను. సంస్కృతధాతువులను దెలుఁగు ధాతువులను బ్రక్కప్రక్కన నిలిపి భేదమును జూపి, పిమ్మటఁ దెలుఁగు కన్నడ తమిళ ధాతువులను వరుసగా నిలిపి సామ్యమును జూపుటయే యందలి పద్ధతి. ధాతువులతో నాఁగక పదములను వాక్యరచనను గూడ నట్లే పరీక్షించినాఁడు. వాదాడంబరము లేదు, పట్టికలే మాటలాడును.

అతఁడు వాడిన సామగ్రి యెవ్వరిది? ధాతువులు కాలేజీ పండితుఁడగు పట్టాభిరామశాస్త్రి కూర్చినవి. శబ్దవిభాగము మచిలీబందరు వాస్తవ్యుఁడు, ఆంధ్రదీపికా నిఘంటుకర్త మామిడి వెంకయ్యగారి పీఠికనుండి గైకొన్నది. అనఁగా మన కృష్ణాతీరముననే యీ సామగ్రిలోఁ గొంత సిద్ధమై యున్నది. తత్సమ తద్భవములకు లొంగని మాటలను మనవారే దేశ్యములని వేఱుపఱచిరి. వేఱుపఱచి, యవి యెచ్చటివని యడుగక విడిచిరి. పాణినీయమునందు శేషాధికారము చదివిన మాకు శేషమనిన నుపేక్షణీయము కాదని తెలియవలదా? తెలుఁగు వికృతి యను నాంధ్రశబ్దచింతామణి వాక్యమును బాల్యమునఁ గంఠస్థము చేసినవానికి శేషమునఁ జూడవలసినదేదియుఁ గానరాదు. నా సంగతి యిదియే.

పరదేశీయుఁడైనంతమాత్రమునఁ గనులు తెఱచుకొనునని తలఁపరాదు. 1814లోఁ దెలుఁగు వ్యాకరణమును బ్రకటించిన విలియము కేరీయును దెలుఁగు దాదాపుగా సంస్కృతశబ్దమయమే యనెను. ఎల్లిసు తమిళము బాగుగ నెఱిఁగి, మన పండితుల చెంతఁ గూర్చుండి, వారి గ్రంథములనుండియే ప్రశ్నను దీసెను. మనవారిని నిందింపక మన లెక్కను మనకే చూపిన యీ మర్యాద నాకు మిక్కిలి నచ్చినది.

అతఁడు 1819లో మృతినొందెను. ద్రావిడభాషాకుటుంబవాదము 1856లోఁ గాల్డ్వెలు గ్రంథమువలనఁ బ్రసిద్ధికెక్కెను. తమిళుల నడుమ నివసించిన చిన్నయసూరి 1858 నాఁటి బాలవ్యాకరణమునఁ బూర్వవిభాగమునే నిలిపెను. ప్రయోగవ్యవస్థయే యాతని లక్ష్యము గావున నది యంత తప్పుగ నెంచరాదు. తరువాతి కాలమున నదియే భాషాచరిత్రమని బోధించిన మాబోంట్లదే తప్పు.

ఇఁక 'నీరు' మాట. సంస్కృత 'నీర' శబ్దమే ద్రావిడభాషలనుండి పోయినదని పలువురు భాషావేత్తలు తలఁచుచున్నారు. నేనిప్పుడు దానిని దేశ్యములందుఁ జేర్చి పాఠము చెప్పుచున్నాను. ఈ సంగతిని అరవపండితునకు వ్రాయఁగా, సంతోషమని యొక పంక్తియు, 'మీన' శబ్దమునుగూడ నొకసారి పరిశీలింపుఁడని మఱియొక పంక్తియు వచ్చినవి. ఆ జాబునకు నేనింకను బదులు వ్రాయలేదు.